తప్పు చేసిన క్షణంలో పిల్లలు తమతో తాము దయగా మాట్లాడుకోవడం ఎలా నేర్పాలి

గీత పక్కకు పోయిందని కాగితం చిరిగేదాకా రబ్బరుతో రుద్దే పిల్లలను, ఆటలో ఓడిపోగానే పాచికలు విసిరికొట్టే పిల్లలను, పాలు ఒలికితే మనం ఏమీ అనకముందే "నేను బ్యాడ్" అంటూ తలుపు చాటుకు వెళ్లిపోయే పిల్లలను మనమందరం చూస్తూనే ఉంటాం. అలాంటప్పుడు పెద్దలు "ఏం కాలేదులే, ఊరుకో" అని సర్దిచెప్పడమో, "ఇంత చిన్నదానికి ఏడుస్తారా?" అని మందలించడమో చేస్తారు. ఈ రెండింటి వల్లా బిడ్డకు ఆ క్షణంలో కావలసినది అందదు. తప్పు జరిగినప్పుడు, ఓడిపోయినప్పుడు, చేయాలనుకున్నది చేతకానప్పుడు తనతో తాను ఏమని చెప్పుకోవాలో ఆ వయసు పిల్లలకు ఇంకా తెలియదు. ఆ మాటలను వారికి ఎలా అందించాలో, బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలను, ముఖ్యంగా మూడు నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లను దృష్టిలో పెట్టుకుని ఇక్కడ వివరిస్తున్నాను.

ఈ వయసునే ఎంచుకోవడానికి కారణం ఉంది. దాదాపు మూడేళ్లు వచ్చేసరికి పిల్లల్లో సిగ్గు, గర్వం వంటి భావాలు కనిపించడం మొదలవుతుంది. ఏడెనిమిదేళ్లకు తోటివారితో పోల్చుకుని తమకు తాము విలువ కట్టుకునే అలవాటు బలపడుతుంది. ఈ రెండింటి మధ్య కాలంలో పిల్లలు ఆడుకుంటూ, బొమ్మలు వేస్తూ, చొక్కా గుండీలు పెట్టుకుంటూ తమలో తాము పైకే మాట్లాడుకుంటారు. సోవియట్ మనస్తత్వవేత్త లెవ్ విగోట్‌స్కీ (1896-1934) ఈ మాటలను శ్రద్ధగా పరిశీలించి, పెద్దలు తమతో మాట్లాడిన తీరునే పిల్లలు మొదట పైకి తమకు తాము చెప్పుకుంటారని, క్రమంగా అదే లోపలికి వెళ్లి వారి ఆలోచనగా మారుతుందని వివరించాడు. కనుక మీ ఇంట్లో పని మొదలుపెట్టే ముందు, మీ పాప తన బొమ్మకు అన్నం తినిపిస్తూ ఏమంటోందో, బాబు బ్లాకులు కూలిపోయినప్పుడు ఏమని గొణుగుతున్నాడో కొన్నాళ్లు గమనించండి. ఆ బొమ్మ పొందుతున్న తిట్లు, బుజ్జగింపులు ఎక్కడి నుంచి వచ్చాయో మీకు వెంటనే తెలిసిపోతుంది.

తమపట్ల దయగా ఉండటం అంటే తమను తాము మెచ్చుకుంటూ కూర్చోవడం కాదు, తప్పును చిన్నది చేసి చూపుకోవడమూ కాదు. ఈ విషయంపై విస్తృతంగా పరిశోధించిన అమెరికా మనస్తత్వవేత్త క్రిస్టిన్ నెఫ్ 2003లో దీనిలో మూడు అంశాలున్నాయని చెప్పారు. బాధను ఉన్నది ఉన్నట్టుగా, పెంచకుండా, దాచకుండా గమనించడం ఒకటి. ఇలాంటివి నా ఒక్కరికే కాదు, మనుషులందరికీ జరుగుతాయని గుర్తించడం రెండవది. తనను తాను నిందించుకోవడానికి బదులు ఆప్తులతో మాట్లాడినట్టు తనతో మాట్లాడుకోవడం మూడవది. ఈ గుణాన్ని కొలవడానికి నెఫ్ అప్పట్లో రూపొందించిన ప్రశ్నావళి పెద్దలకు ఉద్దేశించినది. పసిపిల్లలకు ఈ మూడింటినీ పాఠంగా చెప్పి ప్రయోజనం లేదు కానీ, పాలు ఒలికిన ఆ ఒక్క నిమిషంలో మనం ప్రవర్తించే తీరులో మూడూ ఇమిడిపోగలవు. నా దృష్టిలో ఈ విద్య అంతా ఆ నిమిషంలోనే ఉంది.

మొదటి నిమిషం

ఒక ఉదాహరణ తీసుకుందాం. యూకేజీ చదివే పాప హోంవర్క్ పుస్తకం మీద నీళ్ల సీసా ఒంపుకుంది. అక్షరాలు చెదిరిపోయాయి. స్కూల్ బస్సు రావడానికి ఇంకా ఎంతో సమయం లేదు. మీకు కోపం రావడం సహజం, దాన్ని లేనట్టు నటించనవసరం లేదు. మొదట మీరు మాట్లాడకుండా ఒకసారి నిదానంగా ఊపిరి వదలండి. ఆ తరువాత పాప ముఖానికి మీ ముఖం సమానంగా వచ్చేలా కింద కూర్చోండి. నిలబడి పైనుంచి చెప్పిన మంచి మాట కూడా ఆ ఎత్తులో ఉన్న బిడ్డకు గద్దింపులాగే వినిపిస్తుంది.

ముందుగా జరిగినదాన్ని, పాపకు కలిగిన బాధను పేరు పెట్టి చెప్పండి: "అయ్యో, నీళ్లు పుస్తకం మీద పడ్డాయి. అంత కష్టపడి రాశావు కదా, ఏడుపొస్తోంది కదూ." ఇక్కడ చాలామంది తొందరపడి "ఏం కాలేదు" అంటారు. ఏదో అయింది కాబట్టే బిడ్డ ఏడుస్తోంది. ఏమీ కాలేదని మనం పదేపదే అంటే, తన కళ్లు చూసినదాన్ని, తన మనసుకు తోచినదాన్ని నమ్మకూడదని బిడ్డ నేర్చుకుంటుంది. బాధను ఒప్పుకున్న తరువాత కాసేపు ఆగాలి. ఏడుపు ఉధృతంగా ఉన్నప్పుడు ఏ వివరణా చెవికెక్కదు. వీపు మీద చేయి వేసి ఊరుకుంటే చాలు, చేయి వేయనివ్వని పిల్లల దగ్గర పక్కనే కూర్చుంటే చాలు.

ఊపిరి కుదుటపడ్డాక రెండవ మాట: "ఇలా అందరికీ జరుగుతుంది. నా చేతిలోంచి కూడా కాఫీ గ్లాసు జారిపోతుంటుంది." ఈ మాట చిన్నదే కానీ చాలా విలువైనది, ఎందుకంటే తప్పు చేసిన పసివారికి కలిగే మొదటి భయం తాము ఒంటరి అయిపోయామన్నదే. అయితే దీన్ని బాధను కొట్టిపారేసే విధంగా, "అందరికీ అవుతుంది, దీనికే ఏడవాలా" అన్న ధోరణిలో వాడకూడదు. మీరు చెప్పే ఉదాహరణ నిజమైనదై ఉండాలి, ఒక్క వాక్యానికి మించకూడదు. అంతకు మించితే అది మన కథ అయిపోతుంది.

మూడవది చేతికి పని ఇవ్వడం: "పద, గుడ్డ తెచ్చుకుందాం. నువ్వు తుడువు, నేను పుస్తకం ఫ్యాను కింద పెడతాను. మిస్‌కు ఏమని చెబుదాం?" దయకూ గారాబానికీ ఉన్న తేడా ఇక్కడే తేలుతుంది. ఒలికిన నీళ్లను అమ్మే తుడిచేసి, డైరీలో అమ్మే సంజాయిషీ రాసి పంపిస్తే, తప్పు చేస్తే ఎవరో వచ్చి దాన్ని మాయం చేయాలన్న సంగతే పిల్లకు మిగులుతుంది. తానే తుడిచిన పిల్లకు మాత్రం తప్పు తరువాత కూడా తాను పనికొచ్చే మనిషినేనన్న నమ్మకం కలుగుతుంది. సరిగ్గా తుడవకపోయినా పిల్ల ఎదుటే మళ్లీ తుడవకండి.

ఈ నిమిషంలో "ఎందుకు చేశావు?" అన్న ప్రశ్నను పూర్తిగా మానేయడం మంచిది. మూడేళ్ల పిల్లవాడికి ఆ ప్రశ్నకు జవాబు తెలియదు, ఆరేళ్ల పిల్లవాడు అబద్ధం వెతుక్కుంటాడు. కారణం తెలుసుకోవలసి ఉంటే సాయంత్రం, ఇద్దరూ నెమ్మదిగా ఉన్నప్పుడు "సీసా మూత బిగుసుకుందా?" అని సూటిగా అడగవచ్చు.

మన ఇళ్లలో చాలా పాత అలవాటు ఒకటుంది. పసివాడు గచ్చు మీద పడితే అవ్వ పరుగున వచ్చి, "నా మనవణ్ణి పడేస్తావా?" అంటూ నేలను నాలుగు దెబ్బలు కొడుతుంది. పిల్లవాడు ఏడుపు ఆపి నవ్వుతాడు. ప్రేమతో చేసే ఈ పనిని నేరంగా చూడాల్సిన అవసరం లేదు. కానీ నడక వచ్చి, మాటలు వచ్చిన పిల్లల విషయంలో దీన్ని మార్చుకోవడమే మంచిదని నా అభిప్రాయం. దెబ్బ తగిలినప్పుడల్లా తప్పు ఎవరిదో తేల్చి శిక్షించాలన్న లెక్క అందులో ఉంది. నేల మీద నెట్టలేని రోజున ఆ శిక్ష తనకే వేసుకోవాలని పిల్లవాడు నేర్చుకుంటాడు. "ఎక్కడ తగిలింది నాన్నా? చూపించు, ఊదుతాను" అంటే సరిపోతుంది. ఈ మార్పును ఇంట్లో పెద్దలకు చెప్పేటప్పుడు కొడుకు తన తల్లికి, కూతురు తన తల్లికి చెప్పడం మేలు. కోడలు నోట వస్తే అదే మాట తప్పు పట్టినట్టు వినిపించవచ్చు. "అమ్మా, వాడు పడితే నువ్వు ఊదితేనే తొందరగా ఊరుకుంటున్నాడు" అని చెబితే ఎవరూ నొచ్చుకోరు, పైగా అది చాలా ఇళ్లలో నిజం కూడా.

పని తప్పా, పిల్ల తప్పా

అపరాధ భావానికీ సిగ్గుకూ తేడాను మనస్తత్వవేత్త హెలెన్ బ్లాక్ లూయిస్ 1971లో స్పష్టంగా విడదీసి చూపారు. అపరాధ భావంలో మనిషి దృష్టి తాను చేసిన పని మీద ఉంటుంది కాబట్టి దాన్ని సరిదిద్దాలనిపిస్తుంది. సిగ్గులో దృష్టి అంతా తన మీదే ఉంటుంది కాబట్టి దాక్కోవాలనో, పారిపోవాలనో, ఎదుటివారి మీద విరుచుకుపడాలనో అనిపిస్తుంది. తలుపు చాటుకు పోయిన పాప, పాచికలు విసిరిన బాబు ఇద్దరూ ఉన్నది ఈ రెండవ స్థితిలోనే.

మనం రోజూ అనే మాటలను ఈ దృష్టితో చూడండి. "మొద్దు", "దద్దమ్మ", "వీడికి బుద్ధి ఎప్పుడొస్తుందో", "సిగ్గు లేదూ?", "చేతకానివాడు" వంటివి పిల్లవాడి పని గురించి ఏమీ చెప్పవు, పిల్లవాడి గురించే తీర్పు చెబుతాయి. ముద్దుగా అన్నా, నవ్వుతూ అన్నా, బంధువుల ముందు "మావాడు వట్టి బద్ధకస్తుడు" అని మురిపెంగా చెప్పుకున్నా అంతే. వీటి స్థానంలో కంటికి కనిపించినది చెప్పడం అలవాటు చేసుకోవాలి: "బూట్లు దారిలో ఉన్నాయి, తాతయ్య తట్టుకుని పడతారు, తీసి స్టాండులో పెట్టు." దీనిలో గట్టిదనం తగ్గలేదు. పిల్లవాడికి చేయవలసిన పని దొరికింది, మోయవలసిన ముద్ర మాత్రం లేదు.

పొగడ్త కూడా ఇలాగే బెడిసికొట్టగలదు. 1998లో క్లాడియా మ్యూలర్, కరొల్ డ్వెక్ ప్రచురించిన ప్రయోగాలలో అయిదో తరగతి పిల్లలకు ఆకారాల అమరికను పోల్చుకునే పజిళ్లు ఇచ్చి, కొందరిని తెలివైనవారని, కొందరిని బాగా కష్టపడ్డారని మెచ్చుకున్నారు. ఆ తరువాత కఠినమైన పజిళ్లలో అందరూ తడబడ్డారు. తెలివిని మెచ్చుకున్న పిల్లల్లో ఎక్కువమంది సులువైన వాటినే కోరుకున్నారు, ఓటమి తరువాత వారి ఆసక్తీ, ఫలితమూ తగ్గాయి, తమ మార్కులను ఎక్కువ చేసి చెప్పినవారు కూడా వారిలోనే ఎక్కువ. "నువ్వు మహా తెలివైనదానివి" అన్న మాటను నమ్మిన పిల్లకు లెక్క రాని రోజున మిగిలే అర్థం తాను తెలివితక్కువదాన్ననే. కాబట్టి "బంగారు తల్లివి" అని దగ్గరకు తీసుకోవడానికి పరీక్షలతో సంబంధం పెట్టకండి. ఆ ముద్దుమాట మార్కులు రాని రోజున కూడా, అంతే మామూలుగా వినిపించాలి. పని బాగున్నప్పుడు పనిలో ఏది బాగుందో చెప్పండి: "ఏనుగు తొండానికి ముడతలు కూడా వేశావే!"

మనం మనల్ని ఏమనుకుంటున్నామో పిల్లలు వింటున్నారు

పిల్లలతో ఎంతో జాగ్రత్తగా మాట్లాడే తల్లులు తమ విషయానికి వచ్చేసరికి, "ఛీ, నా బుర్ర పనిచేయడం లేదు", "నేనొక పనికిమాలినదాన్ని, తాళాలు మళ్లీ మరిచిపోయాను", "ఎంత లావైపోయానో, ఈ ఫొటో తీసెయ్" అని పైకే అనేస్తుంటారు. సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో గంటసేపు ఇరుక్కుని ఇంటికొచ్చిన నాన్న, ముందే బయలుదేరనందుకు తనను తానే తిట్టుకుంటూ చెప్పులు విడుస్తాడు. పిల్లలకు మనం అందించే అసలైన పాఠం ఈ మాటలే. తప్పు చేసిన పెద్దమనిషి తనతో ఎలా మాట్లాడుకుంటాడో వారు చూసేది ఇంట్లో మాత్రమే.

దీన్ని సరిచేయడానికి సులభమైన మార్గం, చిన్న పొరపాటు జరిగినప్పుడు లోపల జరిగే సంభాషణను పిల్లలకు వినిపించేలా పైకి అనడం. సాంబారులో ఉప్పు ఎక్కువైందనుకోండి: "అరే, ఉప్పు రెండుసార్లు వేసేశాను. అందరూ తినే వేళకు ఇలా అయిందని చిరాకుగా ఉంది. సరే, హడావిడిలో ఎవరికైనా అవుతుంది. కొంచెం ఉడికిన పప్పు, నీళ్లు కలిపి చూస్తాను." బాధను ఒప్పుకోవడం, అది అందరికీ జరుగుతుందనుకోవడం, చేయవలసినది చేయడం అన్నీ ఇందులో ఉన్నాయి. దీన్ని ప్రదర్శనగా మార్చకూడదు. పూటకోసారి ఇలా చెబితే నాలుగేళ్ల పిల్లకు కూడా నటన అని తెలిసిపోతుంది. నిజంగా పొరపాటు జరిగినప్పుడు, నిజంగా అనిపించినదే చెప్పండి.

పిల్లల మీద అరిచిన రోజు గురించి ఇక్కడే చెప్పాలి. అరవని తల్లిదండ్రులు ఉండరు. ఆ తరువాత "నేను చెడ్డ అమ్మను" అని పిల్లల ముందు కన్నీళ్లు పెట్టుకుంటే, ఓదార్చే బాధ్యత పసివారి మీద పడుతుంది. "పొద్దున గట్టిగా అరిచాను. నీకు భయం వేసి ఉంటుంది. అలా అరవకూడదు. ఇంకోసారి కోపం వస్తే ముందు వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగి వస్తాను" అని చెప్పి, అక్కడితో ఆపితే చాలు. తప్పు ఒప్పుకోవడానికి తనను తాను కించపరచుకోనక్కరలేదని పిల్లలకు దీనికంటే బాగా చెప్పే మార్గం నాకు తెలియదు.

బెంగళూరులో పెరిగే తెలుగు పిల్లలకు మాత్రమే ఉండే ఒక బరువు

మారతహళ్లి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్, బెళ్లందూరు వంటి చోట్ల పెరుగుతున్న తెలుగు పిల్లలు బడిలో ఇంగ్లీషులో చదువుతారు, కన్నడ పాఠం నేర్చుకుంటారు, అపార్ట్‌మెంటు కింద హిందీలో ఆడుకుంటారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. కర్ణాటక ప్రభుత్వం 2015 నాటి కన్నడ భాషాభ్యసన చట్టం ద్వారా అన్ని పాఠశాలల్లో కన్నడను తప్పనిసరి చేసింది. నాలుగు భాషల మధ్య పెరగడం అదృష్టమే. కానీ ప్రతి భాషలోనూ తమకంటే బాగా మాట్లాడేవారే ఎదురవుతుంటే, తమకు ఏదీ సరిగా రాదన్న అభిప్రాయం చాలామంది పిల్లల్లో నిశ్శబ్దంగా పాతుకుపోతుంది.

ఇది బయటపడే సందర్భాలు మనకు తెలిసినవే. కన్నడ డిక్టేషన్‌లో అక్షరం మీద తెలుగు తలకట్టు పెట్టి, ఎర్ర సిరా సున్నాలతో పుస్తకం తెచ్చుకుంటారు. ఆదివారం వీడియో కాల్‌లో అనంతపురం నుంచి జేజి ఆప్యాయంగా, "ఏం నాయనా, తెలుగు చదవడం ఇంకా రాలేదా? ఇక్కడ మీ మామ కొడుకు పేపరు చదివేస్తున్నాడు" అంటుంది. పిల్లవాడు ఫోను పక్కన పడేసి లేచిపోతాడు, మనం "జేజికి టాటా చెప్పు" అని వెంటపడతాం.

ఇక్కడ పిల్లలకు ఓదార్పుతో పాటు నిజమైన సమాచారం కూడా ఇవ్వాలి. తెలుగు, కన్నడ లిపులు రెండూ ఒకే పాత లిపి నుంచి విడివడినవి. అక్షరాలు అంత దగ్గరగా ఉన్నాయి కాబట్టే చేయి ఒకదానికి బదులు మరొకటి రాస్తోంది. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి, ఏ అక్షరాలు అన్నదమ్ముల్లా ఉన్నాయో, ఏవి వేరుపడ్డాయో పిల్లవాడితోనే వెతికించండి. తన తప్పుకు ఒక కారణం ఉందని, అది తన తెలివితక్కువతనం కాదని తెలిసిన పిల్లవాడు తనను తాను క్షమించుకోవడం సులభం. వాక్యం మధ్యలో తెలుగు మాట తట్టక ఇంగ్లీషు మాట వేస్తే వెంటనే ఆపి సరిదిద్దకండి. అతను చెప్పేది పూర్తయ్యాక, మీ జవాబులో సరైన తెలుగు మాటను మామూలుగా వాడండి. రెండు భాషలు వచ్చిన పిల్లలు మాటలను కలపడం సర్వసాధారణం, అది గందరగోళానికి గుర్తు కాదు.

జేజి విషయానికి వస్తే, కాల్‌కు ముందే ఒక మాట చెప్పి ఉంచండి: "అత్తయ్యా, వాడు ఈ వారం 'గ' గుణింతం నేర్చుకున్నాడు, అది అడగండి, సంబరంగా చెబుతాడు." పెద్దవారికి మనవడితో మాట్లాడటానికి ఒక దారి కావాలి. ఆ దారి మనం చూపకపోతే వారు తమకు తెలిసిన పరీక్ష పెడతారు. జేజి తాను బడికి వెళ్లిన రోజుల్లో ఏది రాక ఇబ్బంది పడిందో చెప్పించగలిగితే మరీ మంచిది. అరవై ఏళ్ల మనిషికి కూడా ఒకప్పుడు ఎక్కం రాలేదని విన్నప్పుడు పసివారి ముఖంలో వచ్చే తేలిక చూడవలసిందే.

అపార్ట్‌మెంట్లలో పోలికల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. పదో అంతస్తు పాప చెస్‌లో కప్పు తెచ్చిందని, పక్క ఫ్లాట్ బాబు అబాకస్‌లో మూడో లెవెల్‌కు వెళ్లాడని మీరు ఇంటికొచ్చి చెప్పకండి. నర్సరీలో చేతి మీద స్టార్ వేయించుకోకుండా వచ్చిన రోజున "స్టార్ ఎందుకు రాలేదు?" అని కాక, "ఇవాళ ఎవరి పక్కన కూర్చున్నావు?" అని మొదలుపెట్టండి.

ఆటలో నేర్పగలిగినవి

మూడు, నాలుగేళ్ల పిల్లలకు బొమ్మల ద్వారా చెప్పడమే సరైన పద్ధతి. ఎలుగుబంటి బొమ్మ బ్లాకుల గోపురం కడుతూ పడగొట్టేసింది. అది మూల కూర్చుని "నాకు ఏదీ రాదు" అంటోంది. "పాపం, దానికి ఏం చెబుదాం?" అని అడిగితే, తన విషయంలో నోరు విప్పని పిల్ల కూడా బొమ్మను ఒళ్లో పెట్టుకుని ఓదారుస్తుంది. ఆ సమయంలో పిల్ల అన్న మాటలను జాగ్రత్తగా గుర్తుంచుకోండి, అవి ఆ పిల్లకు నచ్చే ఓదార్పు మాటలు. తరువాత ఎప్పుడైనా తన బ్లాకులు కూలినప్పుడు, "ఎలుగుబంటికి ఏమన్నావు నువ్వు?" అని నెమ్మదిగా గుర్తుచేయండి. అయిదేళ్లు దాటినవారిని నేరుగా, "మీ క్లాసులో నీ ఫ్రెండ్‌కు ఇలా అయితే నువ్వు ఏమంటావు?" అని అడగవచ్చు. "ఏం ఫర్వాలేదు, నేను హెల్ప్ చేస్తా అంటాను" అని వెంటనే వస్తుంది జవాబు. "అదే నీకు కూడా చెప్పుకో" అని బలవంతపెట్టకుండా, ఆ జవాబును అక్కడే వదిలేయండి. సైకిలు వెనక పట్టుకున్న చేతిని ఎప్పుడు వదలాలో తెలిసినట్టే, ఇక్కడ కూడా ఎప్పుడు ఊరుకోవాలో తెలియాలి.

ఊపిరి మీద దృష్టి పెట్టడం, గుండె మీద చేయి వేసుకోవడం వంటివి కొందరు పిల్లలకు నచ్చుతాయి, కొందరికి నచ్చవు. ప్రశాంతంగా ఉన్న వేళ, పడుకునే ముందు ఆటగా చేయిస్తే తప్ప, ఏడుస్తున్నప్పుడు మొదటిసారి నేర్పడం కుదరదు.

రాత్రి భోజనాల దగ్గర ఆ రోజు ఎవరికి ఏది సరిగా కుదరలేదో ఇంటిల్లిపాదీ చెప్పుకోవడం మరో మంచి పద్ధతి. తాతయ్యకు ఫోనులో కరెంటు బిల్లు కట్టడం రాలేదు, నాన్నకు ఆఫీసులో చెప్పవలసినది చెప్పలేకపోయాను అనిపించింది, అక్కకు ఖో-ఖోలో ముందే అవుట్ అయింది. దీన్ని రోజూ తప్పనిసరి చేయకండి, పిల్లలు చెప్పకపోతే అడగకండి. ఎవరైనా చెప్పినప్పుడు మిగిలినవారు సలహాలు ఇవ్వకుండా వినాలన్న ఒక్క నియమం ఉంటే చాలు.

వేరే పిల్లలను బాధపెట్టినప్పుడు

తమపట్ల దయ అంటే తప్పించుకోవడానికి దొరికిన దారి కాదా అని చాలామంది పెద్దలు అనుమానిస్తారు. ఈ అనుమానం తీరే సందర్భం ఇదే. పార్కులో మీ బాబు మరో పిల్లను జారుడుబల్ల మీద నుంచి తోశాడు. మీరు దగ్గరకు వెళ్లేసరికి "నేను చెడ్డోణ్ణి, నన్ను కొట్టండి" అని నేల మీద పడి దొర్లుతున్నాడు. ఈ మాటలో పశ్చాత్తాపం కనిపిస్తుంది కానీ, అతని దృష్టి అంతా తన మీదే ఉంది, మోచేయి గీసుకుపోయిన పిల్ల మీద లేదు. "కాదు కన్నా, నువ్వు చాలా మంచివాడివి" అని మనం ఆ వాదనలోకి దిగితే ఆ పిల్ల మరింత మరుగున పడిపోతుంది.

ముందు దెబ్బ తగిలిన పిల్లను చూడండి. ఆ తరువాత మీ బాబుతో, "నువ్వు చెడ్డవాడివి అని నేను అనలేదు. తోయడం తప్పు. ఆ పాపకు మోచేయి మండుతోంది. నీళ్లు తెచ్చిద్దామా, దారి ఇద్దామా?" అనండి. "సారీ చెప్పు" అని వెంటనే మెడ వంచకండి. కాస్త నిలకడ వచ్చాక తనకు తోచిన విధంగా, సీసాలో నీళ్లు ఇచ్చో, తన వంతు వదిలేసో సరిదిద్దుకోనివ్వండి. తానెవరో అన్న తీర్పు భయం పోయిన పిల్లలే తాము చేసిన పనిని నిటారుగా చూడగలరు.

బడితో మాట్లాడవలసి వస్తే

ఇంట్లో ఎంత జాగ్రత్త పడినా, తరగతిలో అందరి ముందు నిలబెట్టి పేర్లు పెట్టడం జరుగుతుంటే ఆ గొంతు కూడా పిల్లల లోపలికి వెళుతుంది. ముందుగా టీచరుతో విడిగా, మీరు ఇంట్లో గమనించినది మాత్రమే చెప్పండి: "మేడమ్, కన్నడ పీరియడ్ ఉన్న రోజు పొద్దునే కడుపు నొప్పి అంటోంది. చదవడంలో ఇబ్బంది పడుతోందా?" చాలామంది టీచర్లు వెంటనే అర్థం చేసుకుంటారు. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షను పిల్లలను కొట్టడాన్నే కాక, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించిందని తల్లిదండ్రులు తెలిసి ఉండాలి. మాటలతో పరిష్కారం కానప్పుడు బడి యాజమాన్యానికి రాతపూర్వకంగా తెలియజేసేటప్పుడు అది ఉపయోగపడుతుంది.

ఇంటి ప్రయత్నం సరిపోనప్పుడు

ఏడెనిమిదేళ్లు వచ్చినా అక్షరాలు తారుమారు చేస్తూ, చదవమంటే ఏడుస్తూ, "నాకు బుర్ర లేదు" అంటున్న పిల్లలకు ముందుగా కంటి పరీక్ష, వినికిడి పరీక్ష చేయించండి. అవి సరిగా ఉంటే, డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యం ఉందేమో నిపుణులతో చూపించాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యసన వైకల్యాలను కూడా గుర్తించింది. బెంగళూరు హోసూరు రోడ్డులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ శాస్త్రాల సంస్థ నిమ్‌హాన్స్‌లో పిల్లల, కౌమారుల మానసిక వైద్య విభాగం ఉంది.

తల గోడకు కొట్టుకోవడం, తనను తాను గిల్లుకోవడం, కొరుక్కోవడం తరచుగా జరుగుతున్నా, వారాల తరబడి బడికి వెళ్లనని మొండికేస్తున్నా, నిద్ర, తిండి బాగా మారిపోయినా, ఇష్టమైన ఆటలు కూడా మానేసినా ఆలస్యం చేయకండి. "నేను లేకపోతే బాగుంటుంది", "చచ్చిపోతాను" అన్న మాట ఎంత చిన్నపిల్లల నోట వచ్చినా, ఎక్కడో టీవీలో విని అంటోందని కొట్టిపారేయకండి. కోప్పడకుండా, "అలా ఎప్పుడు అనిపిస్తోంది?" అని అడిగి, చెప్పింది వినండి, బిడ్డను ఒంటరిగా వదలకండి, అదే రోజు పిల్లల డాక్టరుతోనో మానసిక వైద్యులతోనో మాట్లాడండి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరులో పగలూ రాత్రీ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడేవారు కావాలని కాల్ మొదట్లో భాష ఎంచుకునే చోటే కోరండి. ఫోన్ చేసే ముందు పిల్ల అన్న మాటలను మీ సొంత వివరణ కలపకుండా, అన్నది అన్నట్టుగా, ఎప్పుడు, ఏ సందర్భంలో అందో కూడా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. డాక్టరు మొదట అడిగేది అదే.